ఇరవై నాలుగు, వెనక

మా గల్లీకి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కు మొదటి నెలంతా మా నంబర్లతో తంటాయే. గుమ్మం మీద నంబరు ఒకటే ఉంటుంది, లోపల పొయ్యిలు రెండుంటాయి. తాతల కాలంలో మహబూబ్‌నగర్ వైపు నుంచి సున్నం, కంకర మోయడానికి బొంబాయి వచ్చినవాళ్లకు దొరికిన గదులవి. అన్నదమ్ములకు పెళ్లిళ్లు అయినప్పుడల్లా గది మధ్య ఒక ప్లైవుడ్ చెక్క లేచింది. చెక్కకు ఇవతల ఉన్నవాళ్లు ముందోళ్లు, అవతల ఉన్నవాళ్లు వెనకోళ్లు. కామాటిపురాలో మా తెలుగు చాళ్లలో, అంటే ఈ వరస గదుల ఇళ్లలో, ఎవరిని ఆపి ఫలానావాళ్లిల్లు ఎక్కడని అడిగినా "ఇరవై నాలుగు ఎనక" అనో, "ముప్పై ఒకటి ముంద" అనో చెబుతారు. నేనూ నడక నేర్చినప్పటి నుంచి అలాగే చెబుతున్నాను. ఈ సంగతి మొదటే ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పని చదివాక పాపం ఆ అమ్మాయికి తెలియదులే అని ఎవరూ జాలిపడకూడదు. నాకు బాగా తెలుసు.

ఇరవై నాలుగు వెనక ఉండే ఆమెను నేను చిన్నమ్మ అంటాను. రక్తసంబంధం లేదు. మా అమ్మ దాదర్‌లో ఇళ్లల్లో వంటకు పోయేది కనుక, బడి నుంచి వచ్చిన నాకు అన్నం పెట్టిందీ, తల దువ్విందీ, జ్వరం వస్తే ఆస్పత్రి వరసలో నిలబడిందీ ఆమే. ఆమె భర్త తాపీ మేస్త్రీ. నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. పిల్లలు లేరు. ఫోరస్ రోడ్డులో ఒక చీరల దుకాణానికి ఫాల్ కుట్టి ఇచ్చి బతుకుతోంది. చెక్కకు ఇవతల ఆమె బావ, అంటే భర్తకు అన్న, భార్యాపిల్లలతో ఉంటాడు. రెండిళ్ల మధ్య పెద్ద పోట్లాటలేమీ లేవు. పండగకు ఇటు బూరెలు అటు, అటు గారెలు ఇటు వెళ్తాయి. కూరల వాసన చెక్కను ఎప్పుడూ లెక్కచేయలేదు.

నేను అంధేరిలో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. నా పని ఏమిటో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను, చిన్నమ్మకు తప్ప. ఒక పెద్ద మిషన్‌లో చిన్న చిన్న సిస్టమ్‌లు విడివిడిగా నడుస్తాయి, దేని తాళం దానికే, ఒకదానిలో ఏముందో పక్కదానికి కనబడదు, వాటిని కంటెయినర్లు అంటారు అని చెప్పాను. "చాళీ లెక్కనే గద బిడ్డా. గని మా చెక్కల సందులకెల్లి అన్నీ ఇనబడ్తయి," అంది. ఆఫీసులో మొదట్లో ఒక్కో కంటెయినర్‌ను చేత్తో తయారుచేసేవాళ్లం. పేరు, చిరునామా, పాస్‌వర్డ్, ఎంత చోటు ఇవ్వాలి, ఎవరిని రానివ్వాలి అన్నీ ఒక్కొక్కటే రాసుకుంటూ పోవాలి. ఒకదానికి అరగంట పట్టేది. విసుగొచ్చి నేను ఆ పనంతా తనే చేసుకుపోయే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం రాశాను. ముందు ఒక నమూనా సిస్టమ్ సిద్ధం చేసి పెట్టుకుంటాం, దాన్నే టెంప్లేట్ అంటాం. స్క్రిప్టు ఒక జాబితాను వరస తర్వాత వరస చదువుతుంది. ప్రతి వరసకూ టెంప్లేట్ నుంచి ఒక నకలు తీసి, పేరు పెట్టి, కొత్త పాస్‌వర్డ్ పుట్టించి, తాళం వేసి తర్వాతి వరసకు వెళ్తుంది. అరగంట పని రెండు నిమిషాలకు వచ్చింది. నా జీవితంలో నాకు నిజంగా గర్వం కలిగించిన వస్తువు అదొక్కటే.

ఆ గర్వంతోనే దాన్ని గల్లీలోకి తెచ్చాను.

మా చాళ్లను పడగొట్టి కొత్త బిల్డింగులు కడతారన్న మాట నా చిన్నప్పటి నుంచీ ఉంది. ఈసారి నిజంగానే సర్వేవాళ్లు వచ్చారు. ప్రతి గుమ్మం మీదా ఎర్ర రంగుతో గీత పెట్టి, నోటీసు అంటించారు. హియరింగ్ రోజు అధికారికి పాత కాగితాలు చూపించినవాళ్లకు కొత్త బిల్డింగులో ఇల్లు. ఒకే నంబరులో రెండు కుటుంబాలుంటే, వెనకవాళ్లు చాలా ఏళ్లుగా వేరే ఉంటున్నామని పాత కాగితాలతో రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే ముందోళ్లలో కలిపేస్తారు. చిన్నమ్మకు సంబంధించినంత వరకు సంగతి అంతే. ఆ వెనక భాగం ఆమె ఇల్లు అవుతుందా, లేక ముసలితనంలో బావ ఇంట్లో ఒక మూల అవుతుందా?

ఆమె దగ్గర కాగితాలున్నాయి. భర్త పేరు మీద వేరే రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లులు, అన్నిటికంటే ముఖ్యంగా అద్దె పావతీలు, అంటే రసీదులు. వాటిని యజమాని తరపున అద్దె వసూలుకు వచ్చే ముసలాయన చేత్తో రాసి ఇచ్చేవాడు. ప్రతి పావతీ మీద నంబరు పక్కన మరాఠీలో "వెనక భాగం" అని రాయడం ఆయన అలవాటు. ఆ రెండు మాటలు ఇంకే ఆఫీసు కాగితం మీదా లేవు. ఆయన పని మానేసి చాలాకాలమైంది. నాగ్‌పాడాలో ఒక లేత్ వర్క్‌షాపు పైన కొడుకు దగ్గర ఉంటున్నాడు.

వానాకాలం వస్తే మా కప్పులు కారతాయి. నోటీసు వచ్చాక అందరికీ కాగితాల గురించే భయం. నేను పెద్ద మనిషిలా ముందుకొచ్చి, అన్నీ స్కాన్ చేసి దాచిపెడతానన్నాను. ఆఫీసులో మూలన పడేసిన పాత సర్వర్ ఒకటి అడిగి తెచ్చి మా అటక మీద పెట్టాను. మొదట అందరికీ కలిపి ఒకే చోటు ఇచ్చాను. రెండో వారంలోనే గొడవ. ఒకామె ఆస్పత్రి కాగితం ఇంకొకరి ఫోన్‌లో కనబడింది. కుళాయి దగ్గర ఎవరో ఆ జబ్బు పేరు పైకి అన్నారు. మా వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె మూడు రోజులు గది బయటకు రాలేదు. నాకు సిగ్గేసింది. దాంతో, ఎవరి కంటెయినర్ వాళ్లకే, ఎవరి తాళం వాళ్లకే, నా లాప్‌టాప్‌లో ఒక్క కాగితం కూడా మిగలదు అని గల్లీలో అందరి ముందూ మాటిచ్చాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే మొదలైంది అక్కడ.

ఒక ఆదివారం కూర్చుని టెంప్లేట్ తయారుచేశాను. తెలుగు, మరాఠీ అక్షరాలు సరిగ్గా కనబడేలా, మామూలు ఫోన్‌లో కూడా తెరుచుకునేలా, తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు కొడితే తాళం పడేలా చేశాను. తర్వాత కంటెయినర్లకు పేర్లు ఎలా పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మనుషుల పేర్లు పెడితే కుదరదు. మా గల్లీలో తాత పేరు పెట్టుకున్న మనవళ్లు ఒకే పేరుతో ఎనిమిది మంది దొరుకుతారు. సర్వేవాళ్ల జాబితాలో గల్లీ నంబరు, గది నంబరు ఉన్నాయి. శుభ్రంగా, పొట్టిగా ఉన్నాయి. వాటినే పేరుగా తీసుకున్నాను. ముందు, వెనక అన్న గడి ఆ జాబితాలో లేదు. దాన్ని చేర్చాలని నాకు తట్టలేదు. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే గల్లీలో పెరిగిన బుర్ర ఎటు పోతుందో నాకిప్పటికీ తెలియదు.

స్క్రిప్టులో ఇంకొక వరస ఉంది. పరీక్షలు చేసేటప్పుడు సగంలో ఆగిపోయిన కంటెయినర్లు అలాగే మిగిలిపోయి, ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉందని అది మొరాయించేది. ప్రతిసారీ చేత్తో తీసేయలేక, ఈ పేరుతో ముందే ఉంటే పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టు అని రాశాను. పరీక్షలయ్యాక ఆ వరస తీసేయాలనుకున్నాను. తీయలేదు.

మొదటి జాబితాలో మొదటి మనిషి చిన్నమ్మ. ఎవరూ నమ్మకపోతే ముందుకొచ్చింది ఆమే. "నా కాయితాలు పెట్టు ముంగట. నన్ను జూసి గల్లీ అంత ఒస్తది," అంది. పాత చీరగుడ్డలో చుట్టిన సంచి తెచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఒక్కో పావతీని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. భర్త రేషన్ కార్డు ఇస్తూ, ఫోటో ఉన్న చోట వేలు పెట్టకుండా అంచులు పట్టుకుంది. స్కాన్ చేసినవన్నీ ఆమె కంటెయినర్‌లోకి పంపి, ఆమె చూస్తుండగానే నా లాప్‌టాప్‌లోంచి తుడిచేశాను. మాట నిలబెట్టుకున్నానని సంతోషించాను కూడా. పాస్‌వర్డ్ రాసిన చీటీని ఆమె రవికెలో దాచుకుంది.

ఆమెను చూసి గల్లీ నిజంగానే వచ్చింది. జూన్ మొదట్లో రెండో జాబితా తయారైంది. అందులో ఆమె బావ ఉన్నాడు. పదకొండో గల్లీ, ఇరవై నాలుగు. నేను టీ తాగుతూ స్క్రిప్టు నడిపించాను. తెర మీద వరసలు పైకి పోతున్నాయి. పాతది తీసేశాను, కొత్తది తయారైంది అని ఒక వరస కచ్చితంగా వచ్చే ఉంటుంది, ఎందుకంటే తర్వాత లాగ్‌లో, అంటే స్క్రిప్టు తను చేసిన పనులు రాసుకునే చిట్టాలో చూశాను, ఉంది, అలాంటిది అదొక్కటే. ఆ రోజు నేను చివరి వరస మాత్రమే చూశాను. అన్నీ సరిగ్గా పూర్తయ్యాయని రాసి ఉంది. ఖాళీ కప్పు పట్టుకుని కిందికి దిగి, ఎవరి చీటీ వాళ్లకు పంచాను.

బ్యాకప్ ఎందుకు తీయలేదని అడుగుతారు. అడగాల్సిందే. ఆఫీసులో అయితే ఆ మాట నేనే నలుగురినీ అడుగుతాను. ఇంట్లో టెంప్లేట్‌కు మాత్రం బ్యాకప్ తీశాను, మళ్లీ కష్టపడి చేయాల్సి వస్తుందని. కాగితాలకు తీయడానికి ఇంకో డిస్కు కొనాలి, వచ్చే వారం చూద్దాం అనుకున్నాను. ఖాళీ గది నమూనాను భద్రంగా దాచి, మనుషులున్న గదులను గాలికి వదిలేశాను.

జులైలో మూడు రోజులు ఆగకుండా వాన. నాలుగో రోజు పొద్దున చిన్నమ్మ ఒక స్టీలు పళ్లెం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. పళ్లెంలో బూడిదరంగు ముద్ద ఉంది. పైకప్పు నీళ్లు నేరుగా ఆమె పెట్టెలోకి దిగాయట.

"గిది జూడు బిడ్డా. పావతీలు, కార్డు, అన్నీ పిండి లెక్క అయినయి. మా బావ పెండ్లం ఒకటే ఏడుపు. నేనన్న, నాకేం రంది లేదు, నా బిడ్డ ఎప్పుడో మిషన్ల పెట్టింది అని."

"కూర్చో చిన్నమ్మా, ఒకసారి తెరిచి చూపిస్తా," అన్నాను.

ఆమె రవికెలోంచి చీటీ తీసింది. చెమటకు మెత్తబడ్డా అక్షరాలు కనబడుతున్నాయి. కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. మూడోసారి తాళం పడింది. నేను అన్నిటికీ యజమానిని కనుక పక్క దారిలో లోపలికి వెళ్లాను. మొదటి బొమ్మ తెరుచుకుంది.

"ఇది మా బావ ఫోటో గద?" అంది చిన్నమ్మ, నా భుజం మీదుగా వంగి.

రెండోది ఆయన పావతీ. మూడోది ఆయన కొడుకు బడి సర్టిఫికెట్. నాకు అప్పుడే అంతా అర్థమైంది. వెతకాల్సిన పని కూడా లేదు. నేను రాసిన ఆ వరస కళ్ల ముందు కనబడింది. 

"కొంచెం కలిసిపోయినట్టున్నాయి చిన్నమ్మా. సరిచేసి ఇస్తాను," అన్నాను.

"తీరిగ్గ చెయ్యి. హియరింగ్ ఇంక మూడు వారాలున్నది గద," అని పళ్లెం కడిగి, బోర్లించి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు సెలవు పెట్టి డిస్కును ఆఫీసులో ఒక మిత్రుడి దగ్గరికి తీసుకెళ్లాను. పోయిన డేటా వెలికితీయడంలో అతను దిట్ట. చిన్నమ్మ కంటెయినర్ ఉన్న చోటనే కొత్తవి కూర్చున్నాయని, వాటి మీద జనం వారాల తరబడి కాగితాలు నింపారని చెప్పాడు. రెండు రోజులు గాలించి ఒక్క బొమ్మ తీసిచ్చాడు. ఒక పావతీ పైభాగం, వేలెడంత. యజమాని పేరు అచ్చు అక్షరాల్లో ఉంది. దాని కింద నుంచి అంతా బూడిదరంగే. "వెనక భాగం" అన్న మాటలు ఉండాల్సిన చోటు ఆ బూడిదలో ఉంది. ఇంక లేదు, వదిలెయ్ అన్నాడు.

అయినా దారి మొత్తంగా మూసుకుపోలేదు. పావతీలు రాసిన ముసలాయన బతికే ఉన్నాడు. ఈ కుటుంబం ఇన్నేళ్లుగా వెనక భాగంలో వేరుగా ఉంటోంది, పావతీలు రాసింది నేనే అని ఆయన ఒక స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెడితే సర్వేవాళ్లు ఒప్పుకునేవాళ్లు. ముప్పై ఒకటి వెనకవాళ్లకు అలాగే ఒప్పుకున్నారు. రేషన్ ఆఫీసులో పాత రికార్డు కోసం అర్జీ కూడా పెట్టుకోవచ్చు. మా చాళీ నుంచి నాగ్‌పాడాకు నడిస్తే పది నిమిషాలు. కానీ ఇవన్నీ చేయాలంటే ముందు చిన్నమ్మకు నిజం చెప్పాలి. ఆదివారం చెబుదామనుకున్నాను.

ఆదివారం ఆమె నా కోసం సజ్జరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చింది. ఆఫీసు తిండి తిని చిక్కిపోయానని కోప్పడింది. ఆ రొట్టె నములుతూ ఎలా చెప్పను? బుధవారం చెబుదామనుకున్నాను. బుధవారం ఆమెకు ఒళ్లు నొప్పులు. ఇంకో ప్రోగ్రాంతో డిస్కును ఇంకోసారి గాలిద్దామని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. లేదని నా మిత్రుడు చెప్పిన తర్వాత నేను వెతికిన ప్రతి గంటా ఆమెకు ముఖం చూపించకుండా ఉండటానికి వెతికిందే. మెట్ల మీద ఎదురైతే "అయిందా బిడ్డా?" అనేది. "అవుతోంది చిన్నమ్మా," అనేదాన్ని. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చేదో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

హియరింగ్ ఇంకా తొమ్మిది రోజులుందనగా, సాయంత్రం నల్లా దగ్గర చిన్నమ్మ బిందె పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందని అడిగాను.

"నాగ్‌పాడా ముసలాయన పోయిండంట. మన పావతీలు రాసేటాయన. మంచోడు బిడ్డా. మీ చిన్నాయన పోయినప్పుడు రెండు నెలలు అద్దె అడగనే లేదు. పోయి ఆయన కోడల్ని పలకరించి ఒచ్చిన."

నేను నల్లా పట్టుకుని నిలబడ్డాను. నా బిందె నిండి నీళ్లు నా కాళ్ల మీద పడుతుంటే ఆమే వచ్చి నల్లా కట్టేసింది. అప్పటికైనా చెప్పాలి కదా. చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు, నాకు ఆకులు పట్టుకునే ధైర్యం కూడా లేకపోయింది. ఏదో ఒక అద్భుతం జరుగుతుందని, అధికారి మంచివాడై కాగితాలు అడగడని, తారీకు వాయిదా పడుతుందని రకరకాలుగా ఆశపడ్డాను. సర్వర్లు చూసుకునే మనిషిని, అద్భుతాల మీద బతికాను ఆ తొమ్మిది రోజులూ.

వాయిదా పడలేదు. ఒక బడిలో, పిల్లలు లేని తరగతి గదిలో హియరింగ్ పెట్టారు. చిన్నమ్మ ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. బస్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాగితాల గురించి అడిగింది. అక్కడే చూపిస్తానన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆమె బావ ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చేతిలో నేను చేసిచ్చిన కంటెయినర్ నుంచి ప్రింటు తీసిన కాగితాలు, ఒక ఫైల్లో వరసగా ఉన్నాయి.

పదకొండో గల్లీ, ఇరవై నాలుగు అని పిలిచారు. బావ ఫైలు ఇచ్చాడు. అధికారి తిరగేసి, బాగున్నాయన్నాడు. తర్వాత చిన్నమ్మ వైపు చూసి, ఆమె కాగితాలేవని మరాఠీలో అడిగాడు. చిన్నమ్మ ఏమాత్రం తొట్రుపడకుండా నన్ను చూపించింది. ఈ పిల్ల దగ్గర ఉన్నాయి, మిషన్లో పెట్టింది అని మరాఠీలో చెప్పింది. కొంచెం గొప్పగా కూడా చెప్పింది.

అధికారి నా వైపు చూశాడు. నేను లేచాను.  వానకు అసలు కాగితాలు పోయాయని, నకళ్లు నా తప్పు వల్ల చెరిగిపోయాయని, నాకు వచ్చిన మరాఠీలో చెప్పాను. ఎలా చెరిగిపోయాయో వివరించబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. వేరే ఆధారం ఏదైనా ఉందా అన్నాడు. లేదన్నాను. నేను చిన్నమ్మ వైపు చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. పెన్ను పక్కన పెట్టి, బావను అడిగాడు. ఈమె వేరే వండుకుంటుందా, వేరే ఉంటుందా, మీరు చెప్పండి అని. బావ ఔనంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ కాకపోవచ్చు. ఆయన నేలకేసి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, "వేరేం లేదు సాబ్, మేమంతా ఒకే కుటుంబం," అన్నాడు. పరాయివాడు వింటే ఎంత మంచి మనిషో అనుకుంటాడు. అధికారి రాసుకున్నాడు. ఇరవై నాలుగు, ఒక కుటుంబం. ఆ కుటుంబంలో సభ్యురాలిగా చిన్నమ్మ పేరు చివర చేర్చి, వేలిముద్ర వేయమన్నాడు. ఆమె సంతకం చేయగలదు. బడికి పోకపోయినా నా దగ్గర కూర్చుని నేర్చుకుంది. అయినా సిరాలో వేలు ముంచి ముద్ర వేసింది.

బయటికొచ్చి బస్ స్టాపు దాకా ఆమె వేలికంటిన సిరాను చీర కుచ్చిళ్లకు తగలకుండా దూరంగా పట్టుకుని నడిచింది. నేను వెనక నడిచాను. ఏడుపొస్తోంది కానీ, ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది.

స్టాపులో నిలబడ్డాక అడిగింది.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"ఆ రోజే చిన్నమ్మా. నువ్వు పళ్లెం తెచ్చిన రోజే."

ఆమె రోడ్డు వైపు చూసింది.

"అప్పటికి ముసలాయన ఉండె," అంది.

 తిట్టలేదు. తిడితే బాగుండును. నేను మిషన్ గురించి, ఆ ఒక్క వరస గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినడం లేదు. ఆమెకు మిషన్ మీద కోపం లేదు, దాని సంగతి ఆమె మొదటి నుంచీ పట్టించుకోనే లేదు. నన్ను నమ్మి కాగితాలిచ్చింది. నేను మూడు వారాలు ఆమె రొట్టెలు తింటూ ఆమె కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాను.

బస్సు వచ్చింది. ఎప్పటి అలవాటుగా ఎక్కేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకోబోయాను. ఆమె మెల్లగా నా చెయ్యి తీసేసింది. తనే కడ్డీ పట్టుకుని, మోకాలి నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కింది. నేను కింది మెట్టు మీద కాలు పెట్టాను.

"నువ్వు ఇంకో బస్సుకు రా," అంది.

నేను కాలు తీసేశాను. కండక్టర్ గంట కొట్టాడు. ఆమె కిటికీ పక్క సీటులో కూర్చుని, సిరా వేలును ఒళ్లో పైకి తిప్పి పెట్టుకుంది. ఇటు తిరగలేదు. తర్వాతి బస్సు పది నిమిషాల్లో వచ్చింది. అందులో ఎక్కితే ఆమె వెనకే గల్లీలోకి వెళ్లాలి, మెట్ల మీద ఎదురుపడాలి. దాన్ని పోనిచ్చాను.